బొద్దింక మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ జాడ: ప్రాజెక్టు డైరీ

నవంబరు ఆఖరు

ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి టాపిక్ ఖాయమైంది. మా క్లాసులో చాలామంది చెరువు నీళ్ళ మీద పడ్డారు, మిగిలినవాళ్ళు చేపల మీద. నేను బొద్దింక మెదడు తీసుకున్నాను. అందులో వాసన పట్టే భాగంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ ఎక్కడ తయారవుతుందో రంగు వేసి చూడాలి. హాస్టల్లో చెప్పగానే వచ్చిన మొదటి ప్రశ్న, "గ్యాసంటే కడుపులో గ్యాసేనా?" అని. కాదు గానీ, అడిగినవాడి తప్పేం లేదు, గ్యాస్ కూడా నరాల మధ్య కబుర్లు మోస్తుందంటే మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

మామూలు పద్ధతి ఇంటర్ బైపీసీ నుంచీ చదువుతున్నదే. నాడీకణం తన చివర చిన్న చిన్న సంచుల్లో రసాయనం నింపి ఉంచుకుంటుంది, సంకేతం రాగానే సంచి తెరుచుకుని రసాయనం సందులో పడుతుంది, అవతలి కణం పొర మీద దాని కోసమే ఉన్న గ్రాహకం దాన్ని అందుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ విషయంలో ఇవేవీ కుదరవు. దాన్ని సంచిలో దాచి ఉంచలేరు, పొర అడ్డం కాదు దానికి. అందుకే అవసరం పడ్డప్పుడే పుట్టాలి. కణంలోకి కాల్షియం రాగానే నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని దీన్ని తయారుచేస్తుంది, పుట్టిన గ్యాస్ కొన్ని సెకన్లే ఉంటుంది, ఆ కాసేపట్లోనే చుట్టుపక్కల కణాలన్నిట్లోకీ దూరిపోతుంది. పక్కింట్లో ఇంగువ పోపు వేస్తే నాలుగిళ్ళకీ తెలిసిపోయినట్టే, అది ఎవరి పేరు మీదా పంపింది కాదు. అయితే అందుకునే వాళ్ళందరూ స్పందించరు. గ్వానిలైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ ఉన్న కణంలోనే పని జరుగుతుంది: అందులో హీమ్ అనే భాగంలోని ఇనుముకి గ్యాస్ అతుక్కుంటుంది, సైక్లిక్ జీఎంపీ అనే లోపలి సంకేత పదార్థం పెరుగుతుంది, అక్కణ్ణుంచి కథ నడుస్తుంది. ఆ ఎంజైమ్ లేని కణంలోంచి గ్యాస్ వచ్చి వెళ్ళినా దానికి పట్టదు.

రక్తనాళాల్లో ఇదే గ్యాస్ చేసే పనికి 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది, అది అందరికీ తెలుసు. మెదడులోనూ ఉందని 1988లో జాన్ గార్త్‌వెయిట్ బృందం చూపించింది, అది మాత్రం పరీక్షల్లో ఎవరూ అడగరు.

డిసెంబరు, చదువు

నా ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఒకటే మాట అన్నారు: "రంగు వెయ్యడం తరవాత, ముందు వాసనకీ గ్యాస్‌కీ సంబంధమేంటో నాకు నువ్వు చెప్పాలి." సరేనని పేపర్లు జిరాక్స్ తీయించుకుని కూర్చున్నాను. నాలుగు జంతువుల కథలు తేలాయి. అన్నీ ఒకే మోతాదులో రాయను, ఒకటి మాత్రం నాకు మిగతా వాటికంటే బాగా నచ్చింది.

అది సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) ముక్కు. ముందు మామూలు దారి చెప్పాలి. వాసన అణువు ముక్కులోని నాడీకణం మీద గ్రాహకాన్ని తాకుతుంది (ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది), లోపల సైక్లిక్ ఏఎంపీ (సైక్లిక్ జీఎంపీ లాంటిదే ఇంకో సంకేత పదార్థం) పెరుగుతుంది, అయాన్ ద్వారాలు తెరుచుకుంటాయి, కణం ఉత్తేజితమవుతుంది. ఇందులో గ్యాస్ ఎక్కడా లేదు. 1993లో జాన్స్ హాప్కిన్స్‌లో సాలమన్ స్నైడర్ బృందం ఇక్కడికి కార్బన్ మోనాక్సైడ్‌ని తీసుకొచ్చింది. అవును, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకుంటే ప్రాణం తీసే ఆ మోనాక్సైడే. హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ హీమ్‌ని విడగొట్టినప్పుడల్లా ఆకుపచ్చటి బిలివర్డిన్, ఇనుము, కాస్త కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. దెబ్బ తగిలి కమిలిన చోట కొన్ని రోజులకి ఆకుపచ్చగా మారేది ఈ బిలివర్డిన్ వల్లనే, అంటే మన ఒళ్ళో ఆ మూల కూడా మోనాక్సైడ్ పుడుతోందన్నమాట. ముక్కు నాడీకణాల్లో పెద్దయ్యాక నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ దాదాపు కనిపించదు, హీమ్ ఆక్సిజనేజ్‌లో ఒక రకమైన హీమ్ ఆక్సిజనేజ్-2 మాత్రం పుష్కలం. కాబట్టి ఇక్కడ సైక్లిక్ జీఎంపీని నడిపేది మోనాక్సైడే అయుండాలని వాళ్ళ వాదన.

తరవాత ఫ్రాంక్ జుఫాల్, ట్రీస్ లైండర్స్-జుఫాల్ సాలమాండర్ ముక్కు కణాల మీద విడివిడిగా విద్యుత్ కొలతలు తీసి 1997లో ఒక విషయం బయటపెట్టారు. కణానికి క్షణకాలం వాసన తగిలిస్తే చాలు, తరవాత కొన్ని నిమిషాల పాటు అది మందగించి ఉంటుంది. హీమ్ ఆక్సిజనేజ్‌ని అడ్డుకునే మందు వేస్తే ఈ నిమిషాల మందగింపు పోతుంది, సెకన్లలో వచ్చి పోయే మామూలు మందగింపు మాత్రం అలాగే ఉంటుంది. అంటే ముక్కు అలవాటు పడటం అనేది ఒక్కటే పని కాదు, వేగంగా నడిచేది ఒకటి, గ్యాస్ మీద ఆధారపడి నెమ్మదిగా నడిచేది ఇంకొకటి. అగరొత్తులు వెలిగించిన గదిలో కాసేపు కూర్చున్నాక వాసన తెలియకపోవడంలో మెదడు పాత్ర కూడా ఉంది, మొత్తం దీని మీదే వెయ్యకూడదు, కానీ మొదటి మెట్టు ముక్కులోనే ఉందనడం నాకు కొత్త.

ఇందులో నాకో అనుమానం ఉంది, మేడమ్‌కి కూడా అదే చెప్పాను. గ్వానిలైల్ సైక్లేజ్‌ని నైట్రిక్ ఆక్సైడ్ లేపినంత గట్టిగా కార్బన్ మోనాక్సైడ్ లేపలేదు, పరీక్షనాళికలో చూస్తే దాని బలం చాలా తక్కువ. కణంలో ఆ కాస్త బలమే సరిపోతుందా, ఇంకేమైనా తోడవుతుందా అనేది తేలకుండా ఆ కథని ఖాయం అనడం తొందరపాటే. మేడమ్ తలూపారు, అంతే.

మిగతావి గబగబా. గొర్రె ఈనిన రెండు గంటల్లోపు తన పిల్ల వాసన గుర్తుపెట్టుకుంటుంది, ఆ తరవాత వేరే పిల్లని దగ్గరకి రానివ్వదు. కీత్ కెండ్రిక్ బృందం 1997లో గొర్రె ఘ్రాణ లంబికలో (మెదడులో వాసన సంకేతాలు మొదట చేరే భాగం) నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపితే ఆ గుర్తు ఏర్పడలేదు. నత్త జాతికే చెందిన లైమాక్స్ అనే గుల్ల లేని జీవి వాసన కేంద్రంలో విద్యుత్ తరంగాలు సెకనుకి ఒకటి కంటే తక్కువ వేగంతో ఊగుతుంటాయి, వాటిని నడిపేది నైట్రిక్ ఆక్సైడని అలాన్ గెల్పెరిన్ 1994లో చూపించాడు. తేనెటీగకి వాసన, తీపి కలిపి నేర్పిస్తే దీర్ఘకాల జ్ఞాపకంలో ఒక రకానికి నైట్రిక్ ఆక్సైడ్ కావాలని ఉలి ముల్లర్ 1996లో తేల్చాడు. మూడు జంతువుల్లో మూడు వేరువేరు పనులు, గ్యాస్ ఒకటే.

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. అదీ శరీరంలో తయారయ్యే సంకేత గ్యాసే, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేదీ అదే. గాలిలో పది లక్షల పాళ్ళకి 100 పాళ్ళ దాకా చేరితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. మ్యాన్‌హోళ్ళలో దిగినవాళ్ళు వాసన పోయింది కదా అనుకోవడం ప్రాణాంతకమయ్యేది అందుకే. నా ప్రాజెక్టులో మాత్రం దానికి చోటు లేదు.

డిసెంబరు, ఇంకో రెండు వారాలకి

బొద్దింకే ఎందుకు అంటే, ఒకటి: దొరకడానికి కరువు లేదు. రెండు: పెరిప్లానెటా అమెరికానా (బొద్దింక శాస్త్రీయ నామం) గురించి తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ జువాలజీ చదివిన వాళ్ళందరికీ కాళ్ళ నుంచి గిజార్డు దాకా బట్టీ. మూడోది అసలైనది: వాసన వ్యవస్థ చాలా శుభ్రంగా విడదీసి ఉంటుంది. మీసాల్లోని (పుస్తకాల్లో స్పర్శశృంగాలు) వేలాది నాడీకణాల తీగలు మెదడులో యాంటెనల్ లోబ్ అనే భాగంలోకి వస్తాయి, అక్కడ గ్లోమెరులై అనే గుండ్రటి ముడుల్లో చేరతాయి. ఒక్కో వైపు దాదాపు 200 ముడులు. మగదాంట్లో వీటికి తోడు ఇంకా పెద్ద ముడి ఒకటుంటుంది, ఆడ బొద్దింక వదిలే పెరిప్లానోన్ వాసన కోసం. ముక్కున్న జంతువుల్లో కూడా ఘ్రాణ లంబికలో ఇలాంటి ముడులే ఉంటాయి, పరిణామంలో అంత దూరమైన రెండు జాతులు ఒకే అమరికకి రావడం చూస్తే ఈ టాపిక్ తీసుకున్నందుకు సంతోషమే.

ఇక రంగు సంగతి. గ్యాస్‌ని చూడలేం, దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ని చూడొచ్చు. నా ప్రాజెక్టంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. పద్ధతి పేరు ఎన్‌ఏడీపీహెచ్ డయాఫొరేజ్. ఎన్‌ఏడీపీహెచ్ అంటే కణంలో ఎలక్ట్రాన్లు మోసే పదార్థం, డయాఫొరేజ్ అంటే ఆ ఎలక్ట్రాన్లని రంగుకి అందించే ఎంజైమ్. నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ తన పని కోసం ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. దారిలో ఎన్‌బీటీ అనే పసుపుపచ్చ రంగు పదార్థం ఎదురైతే ఆ ఎలక్ట్రాన్లు దానికి ఇచ్చేస్తుంది, అది కరగని ముదురు నీలం ఫార్మజాన్‌గా మారి అక్కడికక్కడే పేరుకుంటుంది. నీలం ఉన్నచోట ఎంజైమ్ ఉందన్నమాట.

దీని వెనక కథ బాగుంటుంది. 1960ల మొదట్లో థామస్, పియర్స్ అనే ఇద్దరు ఈ రంగు మెదడు మీద వేస్తే అక్కడొకటి ఇక్కడొకటి కొన్ని నాడీకణాలు మాత్రం కొమ్మలతో సహా నీలంగా లేచాయి. ఒంటరి చురుకు కణాలని పేరు పెట్టి వదిలేశారు. అవి ఎందుకు నీలమవుతున్నాయో దాదాపు ముప్పయ్యేళ్ళు ఎవరికీ తెలియలేదు. 1991లో రెండు బృందాలు విడివిడిగా, ఆ డయాఫొరేజ్ వేరే ఏదో కాదు, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజే అని తేల్చాయి. ముప్పయ్యేళ్ళ పాటు స్లైడ్ల మీద కనపడుతున్న దానికి అప్పుడు అర్థం దొరికింది.

సంక్రాంతికి ముందు, సామాన్లు

ఎన్‌బీటీ కొనక్కర్లేకపోయింది. బోటనీ వాళ్ళ దగ్గర ఉంది, వేరుశనగ మొక్కల మీద ఎండ ఒత్తిడి చూడటానికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ పరీక్షలో వాడతారు. అక్క ఒకామె పీహెచ్‌డీ చేస్తోంది, "తీసుకో, కానీ వెలుతురు తగలనివ్వకు, ఫ్రిజ్‌లో నా పేరున్న డబ్బాలోనే పెట్టు" అని ఇచ్చింది. ఎన్‌ఏడీపీహెచ్ మాత్రం డిపార్ట్‌మెంట్ డబ్బుతో కొన్నాం, 25 మిల్లీగ్రాముల సీసా. చూడ్డానికి అడుగున కాస్త పసుపు పొడి, ధర చూస్తే గుండె గుభేల్. కానీ లెక్కేస్తే భయపడాల్సింది లేదు: 0.2 మిల్లీమోలార్ ద్రావణానికి మిల్లీలీటరుకి 0.17 మిల్లీగ్రాములే పడుతుంది, అంటే సీసా మొత్తంతో దాదాపు 150 మిల్లీలీటర్లు చేయొచ్చు. బొద్దింక మెదడు అర మిల్లీలీటరులో మునుగుతుంది. కరిగించాక నిలవ ఉండదు కాబట్టి ఎప్పటికప్పుడు చిటికెడు తూచుకోవాలి, అంతే.

మెదడుని బిగించడానికి (కణజాలం చెడకుండా ఉన్నదున్నట్టు నిలపడానికి) కావాల్సిన ఫార్మాల్డిహైడ్‌ని పారాఫార్మాల్డిహైడ్ పొడి నుంచి చేసుకోవాలి. ఆ పొడి బఫర్‌లో చల్లగా కరగదు, 60 డిగ్రీల దాకా వేడిచేసి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తే అప్పుడు తెల్లటి నీళ్ళు తేటపడతాయి. హుడ్ కింద చేసినా కళ్ళు మండుతాయి. వాసన మీద ప్రాజెక్టు చేస్తూ ఆ రోజంతా మెస్‌లో సాంబారు వాసన కూడా తెలియలేదు.

బొద్దింకల వేట రాత్రిపూట. మెస్ వెనక కాలవ దగ్గర హార్లిక్స్ సీసా, లోపల బ్రెడ్డు ముక్క, మూతి లోపలి అంచుకి వేలెడు వెడల్పున వ్యాజిలైన్. దిగినవి ఎక్కలేవు. మగవి కావాలి నాకు, యానల్ స్టైల్స్ అని ఇంటర్లో బట్టీ పట్టాం కదా, పొట్ట చివర సన్నటి పుల్లల జత, అవి మగవాటికే. మెస్ మాస్టారు, "బాబూ, మా మెస్సులో పట్టానని ఎక్కడా రాయకు" అన్నాడు. ఏ మెస్సో రాయలేదు.

జనవరి ఆఖరు, కోత

డిసెక్షన్లు తరగతి ప్రాక్టికల్స్‌లో యూజీసీ ఎప్పుడో ఆపించింది, మా బ్యాచ్‌కి చేతిలో కత్తెర పట్టిన అనుభవమే లేదు. ప్రాజెక్టు కాబట్టి డిపార్ట్‌మెంట్ కమిటీ దగ్గర అనుమతి తీసుకున్నాం. నేర్పింది మాత్రం మా ల్యాబ్ అటెండర్ అన్న. పాత రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షలకి ట్రేలు సిద్ధం చేసిన చెయ్యి అది, నరాల వ్యవస్థ చూపించమంటే మాట్లాడుతూనే తీసేస్తాడు.

ముందు బొద్దింకని ఐసు మీద పెట్టాలి, కాళ్ళు ఆడటం పూర్తిగా ఆగేదాకా. తల కోసి మైనం ట్రేలో నోరు కిందికి పెట్టి గుండుసూదులు గుచ్చి, సెలైన్ పోస్తాం. "మీసం పట్టుకుని లాగకు తమ్ముడూ, మొదట్లోనే తెగిపోద్ది" అని మొదటి హెచ్చరిక. రెండు కళ్ళ మధ్య పెంకుకి బ్లేడు ముక్కతో చిన్న కిటికీ కోసి పైకి లేపితే ముందు కనిపించేది మెదడు కాదు, వెండిలా మెరిసే గాలిగొట్టాలు, వాటి మధ్య తెల్లటి కొవ్వు. వాటిని సన్నటి ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే తీయాలి, ఒక్కటి గట్టిగా లాగినా దానికి అంటుకున్న మెదడు పొర చిరుగుతుంది. అవి పోయాక పాలరంగులో రెండు మిల్లీమీటర్ల వెడల్పున మెదడు బయటపడుతుంది. పై భాగం పెద్దది, రెండు పక్కలా కళ్ళ వైపు వెళ్ళే మందపాటి కాడలు. ముందువైపు కిందుగా మీసం నరం వచ్చి కలిసే చోట రెండు గుండ్రటి బుడిపెలు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవే యాంటెనల్ లోబ్‌లు, నాకు కావాల్సిన భాగం. లైటు పక్కనుంచి పడితే వాటి ఉపరితలం నున్నగా కాకుండా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, లోపలి ముడులు పైకి తెలుస్తున్నాయన్నమాట. రంగు లేకుండానే అంత కనిపిస్తుందని నాకు తెలీదు, అన్నని పిలిచి చూపిస్తే "అది ఎప్పుడూ అంతే" అన్నాడు.

ఫిబ్రవరి మొదట్లో

మొదటి విడత మెదళ్ళు మామూలు పద్ధతిలోనే చేశాను: 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో బిగించడం, కడగడం, ఎన్‌ఏడీపీహెచ్, ఎన్‌బీటీ, ట్రైటాన్ (పొరల్ని వదులు చేసే సబ్బులాంటిది) కలిపిన బఫర్‌లో చీకట్లో ఉంచడం. ఎలుక మెదడుకి ప్రపంచమంతా ఇదే చేస్తారు. దీనికో కారణం కూడా ఉంది: డయాఫొరేజ్ పనిచేసే ఎంజైములు కణంలో చాలా ఉంటాయి, ఫార్మాల్డిహైడ్ తగిలితే అవి చచ్చిపోతాయి, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ మాత్రం తట్టుకుంటుంది. అంటే ఫార్మాల్డిహైడే ఇక్కడ జల్లెడ.

ఫలితం: పేలవం. లోబ్ మీద అక్కడక్కడ లేత నీలం మరకలు, గ్లోమెరులై అంటే గ్లోమెరులై అనిపించేంత స్పష్టత లేదు. ద్రావణం కొత్తగా చేసి, పీహెచ్ సరిచూసి, ఇంకాసేపు ఉంచితే మొత్తం మెదడంతా బూడిదరంగుకి తిరిగింది, అది వెనక రంగు, సంకేతం కాదు.

కారణం బొద్దింకలోనే ఉంది. ఒట్, ఎల్ఫిక్ అనే ఇద్దరు 2002లో దీని మీదే పెద్ద పేపరు రాశారు. బొద్దింక నాడీవ్యవస్థలో ఈ డయాఫొరేజ్ పనిలో చాలా భాగం ఫార్మాల్డిహైడ్‌కి తట్టుకోదు, ఎలుకలో బతికేది ఇక్కడ చచ్చిపోతుంది. వాళ్ళు మిథనాల్‌లో ఫార్మలిన్ (నీళ్ళలో కరిగిన ఫార్మాల్డిహైడ్) కలిపి బిగిస్తే దాగిన నిర్మాణమంతా బయటపడింది. ఒక్కసారి ఆలోచించండి, ఫార్మాల్డిహైడ్ మాత్రమే వాడి ఎవరైనా బొద్దింక వాసన కేంద్రంలో నైట్రిక్ ఆక్సైడ్ పెద్దగా లేదని రాసేస్తే అదే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేది. లేనిది గ్యాస్ కాదు, చూసే వీలు.

ఫిబ్రవరి మధ్యలో

మిథనాల్ ఎక్కువ పాళ్ళు, ఫార్మలిన్ తక్కువ పాళ్ళు కలిపి, ఐసు మీద చల్లగా, మెదడు తీసిన వెంటనే అందులో వేశాను. మిథనాల్‌లో మెదడు క్షణాల్లో తెల్లగా బిగుసుకుంటుంది, కాస్త ముడుచుకుంటుంది కూడా. తరవాత బఫర్‌లో చాలాసేపు కడగాలి.

మాకు క్రయోస్టాట్ (కణజాలాన్ని గడ్డకట్టించి పలచగా కోసే మిషన్) లేదు. మైనంలో పెట్టి కోసే పారఫిన్ మైక్రోటోమ్ ఉంది కానీ వేడి మైనంలో ఎంజైమ్ బతకదు. దగ్గర్లోని మెడికల్ కాలేజీలో అడిగితే "పేషెంట్ల కణజాలం కోసే మిషన్ మీద బొద్దింకా?" అన్నారు, వాళ్ళ కోణంలో అది న్యాయమే. అందుకని మెదడు మొత్తంగానే రంగు వేస్తున్నాను. దీంతో ఇబ్బంది, రసాయనాలు లోపలికి చేరేలోపే పైపొర నీలమైపోతుంది. అందుకని మెదడుని ద్రావణంలో వేసి, గొట్టానికి సిల్వర్ ఫాయిల్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. చలికి ఎంజైమ్ దాదాపు పనిచేయదు, రసాయనాలు మాత్రం మెల్లగా లోపలి దాకా ఇంకుతాయి. పొద్దున్నే తీసి గది వేడికి వదిలితే అన్ని లోతుల్లోనూ ఒకేసారి మొదలవుతుంది.

వాచ్ గ్లాసులో వేసి బైనాక్యులర్ మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చున్నాను. మొదట మెదడంతా ద్రావణం రంగే, లేత పసుపు. చాలాసేపు ఏమీ లేదు. తరవాత యాంటెనల్ లోబ్‌లు మిగతా మెదడు కంటే కొంచెం మబ్బుగా అనిపించాయి, నా భ్రమేమోనని లైటు కోణం మార్చి చూశాను. భ్రమ కాదు. ఆ మబ్బు మెల్లగా చుక్కలు చుక్కలుగా విడిపోయింది, చుక్కలు గుండ్రాలయ్యాయి, గుండ్రాల మధ్య సందులు తెల్లగానే ఉండిపోయాయి. లోబ్ అంచున, ముడులకి బయట, కొన్ని కణదేహాలు విడివిడిగా ముదురు నీలంగా లేచాయి, ఒకదాని నుంచి సన్నటి తోక లోబ్ లోపలికి వెళ్ళడం కూడా తెలుస్తోంది. వెనక రంగు లేవకముందే బఫర్‌లోకి తీసి ఆపేశాను, లేకపోతే ఆశకి పోయి ఇంకాసేపు అనుకుంటే అంతా నీలమే.

గ్లిజరాల్‌లో మెట్లు మెట్లుగా పాళ్ళు పెంచుతూ తేటపరిచి, కవర్ స్లిప్ మెదడుని నొక్కకుండా నాలుగు మూలలా విరిగిన కవర్ స్లిప్ ముక్కలు పెట్టి స్లైడు చేశాను. ఐపీస్ దగ్గర మొబైల్ పెట్టి తీసిన ఫొటోలు మేడమ్‌కి వాట్సాప్‌లో పంపితే, "కంట్రోల్ ఏది?" అని ఒక్క ముక్క జవాబు. ఉంది: అదే రోజు, అదే ద్రావణం, ఎన్‌ఏడీపీహెచ్ మాత్రం వెయ్యని గొట్టంలో పెట్టిన మెదడు పసుపుగానే ఉండిపోయింది. ఇంకో మెదడుని ముందే మరిగించి వేశాను, అదీ తేటగానే ఉంది. అంటే నీలానికి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, బతికున్న ఎంజైమూ కావాలి. అది రాసి పంపాక మేడమ్ నుంచి బొటనవేలు పైకెత్తిన గుర్తు వచ్చింది.

మార్చి, సెమినార్

ప్రీ-వైవాలో బయటినుంచి వచ్చిన సార్ ఫొటోలన్నీ ఓపిగ్గా చూసి, "బాగుందమ్మా, ఇందులో గ్యాస్ ఎక్కడుంది?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది, కానీ అడగాల్సిన ప్రశ్న అదే. లేదు సార్ అన్నాను. ఇది ఎంజైమ్ ఉన్న చోటు. అది కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చే ఎంజైమ్ ఉందని ఈ రంగు చెబుతోంది, అది నైట్రిక్ ఆక్సైడ్ సింథేజే అనడానికి రంగు ఒక్కటే చాలదు. మిథనాల్ వాడగానే ఈ సందేహం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫార్మాల్డిహైడ్ జల్లెడని మనమే వదులు చేశాం కదా. సింథేజ్‌కే అతుక్కునే యాంటీబాడీతో సరిచూస్తే కానీ పూర్తి నమ్మకం రాదు.

మరి గ్యాస్‌నే చూడలేమా? చూడొచ్చు. నైట్రిక్ ఆక్సైడ్ తగిలితే వెలిగే డాఫ్ అనే రంగులున్నాయి, మాండుకా అనే చిమ్మటలో 2004లో అమెరికాలో ఒక బృందం మీసానికి వాసన తగిలించి యాంటెనల్ లోబ్ గ్లోమెరులైలో గ్యాస్ పుట్టడాన్ని నేరుగా చూసింది. దానికి బతికున్న మెదడు, ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు, కెమెరా కావాలి. చౌక దారి ఇంకోటి మా క్లాసులోనే ఉంది: నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో నైట్రైట్‌గా మారుతుంది, నైట్రైట్ ఉంటే గ్రీస్ కారకం గులాబీ రంగు ఇస్తుంది, చెరువు నీళ్ళ వాళ్ళు వాడేది సరిగ్గా అదే సీసా. ఆశగానే ఉంది గానీ ఒక మెదడు నుంచి వచ్చేది ఆ పరీక్ష పట్టుకోలేనంత తక్కువ. ఎన్నో మెదళ్ళు కలిపి రుబ్బితే అంకె రావచ్చు, అయితే ఏ ముడిలో, ఏ కణంలో అన్నది పోతుంది. నాకు కావాల్సింది చోటు, అంకె కాదు. అందుకే ఆ దారి వదిలేశాను.

సార్ ఇంకొకటి అడిగారు, అది నన్ను నిజంగా పట్టుకుంది: "ఆ గ్లోమెరులైలో నీలం ఎవరిది? మీసం నుంచి వచ్చే తీగలదా, లోబ్‌లోనే ఉండే కణాలదా?" ముడి లోపల రెండూ అల్లుకుని ఉంటాయి, బయటినుంచి చూస్తే నీలం నీలమే. ఇది చిన్న తేడా కాదు. మాండుకాలో సింథేజ్ మీసం తీగల్లో ఉంది, అందుకునే గ్వానిలైల్ సైక్లేజ్ మెదడు పైభాగానికి కబురు మోసే కణాల్లో ఉంది, అంటే అక్కడ గ్యాస్ వచ్చిన వాసనతోబాటే లోపలికి పయనిస్తుంది. మిడతలో, తేనెటీగలో లోబ్‌లోని స్థానిక కణాలే దాన్ని తయారుచేస్తాయి, అంటే అక్కడ వాసనల మధ్య సర్దుబాటు చేసే పని దానిది. బొద్దింక బంధువుల్ని బట్టి చూస్తే స్థానిక కణాల వైపే నా మొగ్గు. లోబ్ అంచున కనిపించిన ఆ నీలం కణదేహాలు కూడా అదే చెబుతున్నాయి. అయితే తీగలు కూడా కొంత కలుపుతున్నాయేమో ఆ ఫొటోలు చూసి తేల్చలేం.

మార్చి ఆఖరు, ఇప్పుడున్న పరిస్థితి

దానికో ప్రయోగం మొదలైంది. మీసం నాడీకణాల దేహాలు మీసంలోనే ఉంటాయి, మెదడులోకి వచ్చేది వాటి తీగలే. ఒక వైపు మీసాన్ని మొదట్లో కత్తిరిస్తే ఆ తీగలు క్రమంగా కృశించిపోతాయి, రెండో వైపు అలాగే ఉంటుంది. ఒకే మెదడులో ఒక లోబ్ ప్రయోగం, ఇంకో లోబ్ కంట్రోల్, రంగు వేసే తేడాలు రెండిటికీ ఒకటే. కత్తిరించిన వైపు నీలం తగ్గితే తీగలది, తగ్గకపోతే స్థానిక కణాలది. పెద్దవాటినే తీసుకున్నాను, ఎందుకంటే పిల్ల బొద్దింకలు కుబుసం విడిచినప్పుడల్లా మీసం మళ్ళీ పెంచుకుంటాయి, పెద్దవి ఇంక కుబుసం విడవవు కాబట్టి తెగింది తెగినట్టే ఉంటుంది.

ఎడమ మీసం తీసిన మగ బొద్దింకలు ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో కోడిగుడ్ల అట్టల మధ్య ఉన్నాయి, నీళ్ళకి తడి దూది, తిండికి బిస్కెట్ పొడి. చచ్చినవి చాలా తక్కువ. ఒంటి మీసంతో గోడ వెంట తిరిగేటప్పుడు ఉన్న మీసం వైపే గోడ ఉండేలా చూసుకుంటున్నాయనిపిస్తోంది, ఇది నా ప్రాజెక్టుకి సంబంధం లేనిది, జూనియర్ చెల్లి ఒకామె దాన్ని వీడియో తీసి ఆమె ప్రాజెక్టుకి వాడుకుంటానంటోంది. వాడుకోమన్నాను.

తీగలు పూర్తిగా పోవడానికి టైమివ్వాలి కాబట్టి ఉగాది సెలవుల తరవాతే మెదళ్ళు తీస్తాను. అటెండర్ అన్న ఆ వారం సెలవు పెట్టనన్నాడు. ఎన్‌ఏడీపీహెచ్ సీసాలో ఇంకా సగానికి పైనే ఉంది, మిథనాల్ అయిపోవచ్చింది, కెమిస్ట్రీ స్టోర్‌లో ఇండెంట్ పెట్టాను. యాంటీబాడీకి మేడమ్ ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి మెయిల్ పెట్టారు, జవాబు వస్తే ఆ స్లైడ్లు కూడా ఇదే విడతలో చేస్తాను, రాకపోతే రిపోర్టులో నీలం ఉన్న చోటుని డయాఫొరేజ్ అనే రాస్తాను, సింథేజ్ అని రాయను.